రెండుసార్లు చూసిన ఖాళీ

ఆఫీసులో ఆవిడను సీఐడీ అంటారు. వెనకాల కాదు, మొహం మీదే. మొదట్లో వెనకాలే అనేవారు. ఎవరన్నారో, ఏ కుర్చీలో కూర్చుని అన్నారో కనిపెట్టి మరీ నిలదీసేసరికి, ఇక దాచుకోవటం దండగని మొహం మీదే అనటం మొదలుపెట్టారు. ఇంట్లో అత్తగారిదీ అదే మాట. ఆ అత్తగారు మాత్రం తక్కువ తిందా? సీఐడీకే సీఐడీ. కోడలు కాస్త ఆలస్యంగా వస్తే చెప్పులకంటిన మట్టి చూసి ఏ వీధి మీదుగా వచ్చిందో చెప్పేస్తుంది. ఈ ఇద్దరి మధ్యా ఇన్నేళ్ళుగా నలుగుతున్న ఆ పెద్దమనిషి, అదే మన సీఐడీ మొగుడు, ఎవరికీ ఏ సంగతీ చెప్పకుండా బతకటం నేర్చుకున్నాడు పాపం. చెబితే కదా అడ్డప్రశ్నలు!

ఇంతకీ ఏ ఆఫీసంటారా? జనం దాన్ని గాలి ఆఫీసంటారు. టీవీ స్టేషన్లు, రేడియోలు, పోలీసుల వైర్‌లెస్సులు, అన్నీ గాలిలోనే కదా మాట్లాడుకునేది. ఎవరు ఏ దారిలో మాట్లాడాలో చెప్పి, దారి తప్పినవాళ్ళ చెవి మెలిపెట్టే ఆఫీసు అది. "గాలికి కూడా హద్దురాళ్ళు పాతేవాళ్ళని మిమ్మల్నే చూశానే తల్లీ" అని అత్తగారు తెగ నవ్వేది. నవ్వితే నవ్వింది గానీ, ఆ హద్దు ఎవరు దాటినా కోడలి చేతిలో మూడినట్టే.

ఇలా తేడా పట్టే చెవి ఆవిడకు పుట్టింట్లో వచ్చింది. తండ్రిది రేడియోలు బాగుచేసే దుకాణం. టీవీలు వచ్చిన కొత్తలో బొమ్మ మీద గీతలు పడితే జనమంతా ఆకాశాన్ని తిట్టుకునేవారు. ఈ పిల్ల మాత్రం వీధిలోకి పోయి, ఏ ఇంట్లో ఏ మోటారు తిరుగుతోందో వెతికి పట్టుకొచ్చేది. "నాన్నా, వెల్డింగ్ వాడు కాదు, వాడికి గీతలు వంకరగా వస్తాయి. ఇవి తిన్నగా ఉన్నాయి. టైలరు గారి కుట్టుమిషన్" అనేది. వెళ్ళి చూస్తే కుట్టుమిషనే. అప్పటినుంచీ ఆవిడకు ఒక నమ్మకం పడిపోయింది. లోకంలో ఎక్కడ ఏ తేడా జరిగినా దాని వెనక ఎవడో ఒకడు చప్పుడు చేస్తూ ఉంటాడు, వాణ్ణి పట్టుకుంటే చాలని. గాలి ఆఫీసులో ఉద్యోగం వచ్చాక ఆ నమ్మకానికి జీతం కూడా రావటం మొదలైంది.

అలాంటి మనిషి నెత్తిన డిజిటల్ వచ్చి పడింది. ఇది కాస్త చెప్పాలి, ఓపిగ్గా వినండి. టీవీ ఛానెల్ అంటే గాలిలో ఒక గది అనుకోండి. పాత టీవీది పెద్ద గొంతు. పక్క గదిలో ఇంకో స్టేషన్ ఉంటే దాని గీతలు దీని బొమ్మ మీద పడేవి. అందుకని ఒక గదిలో స్టేషన్ పెడితే పక్క గది ఖాళీగా వదిలేసేవారు. డిజిటల్ వచ్చాక ఆ బాధ తగ్గింది. ఇంకేం, పైనుంచి ఉత్తర్వు దిగింది. ప్రతి స్టేషనూ ఒక ఖాళీ గదిలో కొత్త డిజిటల్ ట్రాన్స్‌మిటర్ పెట్టుకోవాలి, కొన్నాళ్ళు పాతదీ కొత్తదీ కలిపి నడపాలి, ఆ తర్వాత పాతవి ఆపేసి, మిగిలిన చోటు ఫోన్ కంపెనీలకు అప్పగించాలి. వినటానికి ఎంత బాగుందో! చేసేవాళ్ళకు తల ప్రాణం తోకకొచ్చింది. ఈ స్టేషన్ జరిగితే గానీ ఆ స్టేషన్‌కు చోటు రాదు. ఆ స్టేషనేమో ముందు వీళ్ళని జరగమనండి, తర్వాత చూద్దాం అంటుంది. అందరికీ అందరి మీదా అనుమానమే. ఆఫీసులో దీనికి కుర్చీలాట అని పేరు పెట్టారు. ఎవరు ఎప్పుడు లేవాలో, ఎక్కడ కూర్చోవాలో చెప్పే పని సీఐడీకి అప్పగించారు. ఎవరి మాటా నమ్మని మనిషైతేనే దీనికి సరిపోతుందని డైరెక్టరు గారే అన్నారు. మెచ్చుకున్నారో దెప్పారో ఆవిడకు ఇప్పటికీ తెలియదు.

ఫలానా గది ఖాళీ అని ఎవరైనా చెబితే ఆవిడ నమ్మేది కాదు. తనే వ్యానెక్కేది. వ్యాను మీద స్తంభం పైకి లేపి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, తెర మీద గీత వంక కళ్ళార్పకుండా చూస్తూ వీధి వీధికీ కూర్చునేది. ఒకసారి విని ఊరుకుంటుందా? కొన్నాళ్ళు పోయాక మళ్ళీ వచ్చి అదే చోట ఆగేది. రెండుసార్లూ చడీచప్పుడూ లేకపోతేనే ఆఫీసు గోడ మీది పటంలో ఆ ఛానెల్ పక్కన 'ఖాళీ' అని స్వయంగా రాసేది. "మా మేడమ్ ఖాళీ అని రాసిందంటే అక్కడ దోమ కూడా పాడట్లేదన్నమాట" అని డ్రైవరు గొప్పలు పోయేవాడు. పెద్దాసుపత్రి ముందు కూడా అలాగే రెండుసార్లు ఆగారు. అక్కడ టీ బాగుంటుందని వీడు కావాలనే ఆపాడేమోనని మొదట అనుమానపడింది. తర్వాత తనూ ఒక టీ తాగింది.

ఇంకో నియమం కూడా పెట్టింది. మధ్యాహ్నం సీరియల్ వస్తున్నంతసేపూ ఏ టవర్ వాడూ కొత్త ట్రాన్స్‌మిటర్ మీద చెయ్యి వెయ్యకూడదు. సీరియల్‌లో ఒక్క గీత పడినా ఊరంతా గాలి ఆఫీసుకు ఫోన్ చేసి తిట్టిపోస్తుంది. సీరియల్ అయిపోయి వంటల ప్రోగ్రాములో వంటావిడ వస్తుంది చూడండి, గరిటె పట్టుకుని తెగ నవ్వుతూ, అప్పుడు మొదలుపెట్టుకోవచ్చు, ఆవిడ వెళ్ళేసరికి ఆపెయ్యాలి. వంటావిడ బొమ్మ చెడిపోతే ఎవరూ ఫోన్ చెయ్యరని సీఐడీ లెక్క.

ఆ ఊళ్ళో మొదటి కుర్చీ జరపాల్సిన స్టేషన్‌లో టవర్ చూసుకునే ఇంజనీరు ఎవరనుకున్నారు? సొంత మరిది. అత్తగారి చిన్నకొడుకు. వదినా మరుదులంటే సరదాగా ఉండాలి కదా. వీళ్ళ సంగతి వేరు. మరిది అనుమతికి మించి పవర్ వాడుతున్నాడని సీఐడీకి ఎప్పటినుంచో అనుమానం. ఒకరోజు ఏం చేసిందో తెలుసా, ఫోన్‌కు రుమాలు అడ్డుపెట్టి ముసలి గొంతుతో, "బాబూ, మీ ఛానెల్ మాకు మసక మసగ్గా వస్తోంది నాయనా, కాస్త పెంచి పుణ్యం కట్టుకో" అంది. ఆ అమాయకుడు, "అయ్యో, ఒక్క నిమిషం పెంచుతా చూడండమ్మా" అని పెంచాడు. ఈవిడ వ్యానులో కూర్చుని ఆ పెంచటమంతా కొలిచింది. నోటీసు వెళ్ళింది. నలుగురిలో అతనికి తలకొట్టేసినట్టయింది. ఆ తర్వాత అన్నగారింటికి వచ్చినా గోడవైపు తిరిగి భోంచేసి వెళ్ళేవాడు.

పోతూ పోతూ గుమ్మంలో ఒకసారి మాత్రం నోరు విప్పాడు. "వదినా, ఇకమీదట ఫోన్‌లో నువ్వేం చెప్పినా నేను చెయ్యను. నీ గొంతైనా సరే, ఎవరి గొంతైనా సరే. సంతకంతో కాగితం రావాలి."

"రాజాలా పంపిస్తా. నువ్వు తిన్నగా ఉంటే నాకేం పని?" అంది సీఐడీ.

ఇలా ఉండగా అత్తగారికి గుండె నొప్పి వచ్చింది. ఈ మాట కూడా సీఐడీ ముందు నమ్మలేదు, నిజం చెప్పాలంటే. నమ్మకపోవటానికి కారణం ఉంది. పెద్దకొడుకు స్కూటర్ కొంటానన్నప్పుడు ఒకసారి, ఇల్లు మారదామన్నప్పుడు ఒకసారి ఆ మహాతల్లి ఇలాగే కళ్ళు తేలేసింది. స్కూటర్ మానుకున్నాక లేచి కూర్చుని టీ అడిగింది. కానీ ఈసారి పెదాలు నల్లబడ్డాయి. అప్పుడు మాత్రం కోడలు నమ్మింది. పెద్దాసుపత్రికి మోసుకుపోయారు.

గుండె రోగుల వార్డులో కొత్త ఏర్పాటు చూశారు. మంచానికి కట్టిపడేసే తీగలు లేవు. మెడలో చిన్న పెట్టె వేలాడదీసి, దాని తీగలు రొమ్ముకు అంటించారు. అది వేసుకుని రోగి వరండాలో నడిచినా సరే, గుండె కొట్టుకునే గీత నర్సుల బల్ల మీది తెరలో కనిపిస్తూ ఉంటుంది. సీఐడీ ఆ పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది గాలి మీద నడుస్తుందా?" అని అడిగింది. పెద్ద నర్సు, "కాదండీ, బ్యాటరీ మీద నడుస్తుంది" అంది. ఇంకో రోజైతే సీఐడీ అక్కడే కుర్చీ వేసుకుని ఇంకో పది ప్రశ్నలు అడిగేది. ఆ రోజు అత్తగారి మొహం చూస్తూ నిలబడిపోయింది. రెండో ప్రశ్న అడగలేదు.

నాలుగు రోజులకు అత్తగారు తేరుకుంది. తేరుకుందని ఎలా తెలిసిందంటే, అనుమానాలు మొదలయ్యాయి. పక్క మంచం వాళ్ళకు మెత్తటి దిండు ఇచ్చారట. డాక్టరు తన దగ్గర తక్కువసేపు నిలబడుతున్నాడట. ఆ పైవారం మధ్యాహ్నం ఆఫీసుకే ఫోన్ చేసింది.

"ఏమే, ఇక్కడేదో గోల్‌మాల్ జరుగుతోందే."

"ఏమైందత్తయ్యా?"

"నా పెట్టె చచ్చిపోతోంది. నాదే కాదు, అందరివీ. సీరియల్ అయిపోయి వంటావిడ రాగానే చస్తాయి, ఆవిడ వెళ్ళగానే బతుకుతాయి. నిన్నా అంతే, ఇవాళా అంతే. ఆ పెద్ద నర్సుకు వంటావిడంటే పిచ్చి. మా పెట్టెల గోల లేకుండా, హాయిగా వంట చూద్దామని మీట నొక్కేస్తోంది."

సీఐడీకి నవ్వొచ్చింది. నవ్వు పోయాక అనుమానమొచ్చింది. నర్సు మీద కాదు, అత్తగారి మీద. ఇంటికి పంపించమని రోజూ పోరుతోంది కదా, తనే తీగలు పీకేసి గొడవ చేస్తోందేమో! మంచంలో నల్లులున్నాయని చెప్పి చూసింది, కుదరలేదు. ఇప్పుడు పెట్టె మీద పడిందన్నమాట. రేపు మధ్యాహ్నం సెలవు పెట్టి వెళ్ళి చేతులతో పట్టుకోవాలనుకుంది.

అటు ఆఫీసులో కుర్చీలాట ఊపందుకుంది. మరిది స్టేషన్ ఆ వారమే కొత్త ట్రాన్స్‌మిటర్‌ను తగ్గు పవర్‌లో పరీక్షిస్తోంది. రేపటి పరీక్ష బాగా జరిగితే ఎల్లుండి నుంచి పూర్తి పవర్‌తో రోజంతా నడుపుతారు. ఒక్కరోజు తప్పినా వాళ్ళ వంతు పోతుంది, వెనకున్న స్టేషన్లన్నీ ఆగిపోతాయి. మరిది ఇప్పటికే పవర్ ఎక్కువ తోస్తున్నాడేమోనని సీఐడీ వ్యాను తీసుకుని టవర్ చుట్టూ తిరిగింది. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. సవ్యంగా ఉండటం చూసి ఆవిడకు ఇంకా అనుమానం పెరిగింది. డైరెక్టరు గారు విసుక్కున్నారు. "మీ అనుమానాలన్నీ తీరేదాకా ఆగితే ఈ దేశంలో ఒక్క టీవీ వెలగదండీ."

మర్నాడు సీరియల్ మొదలయ్యేసరికి సీఐడీ వార్డులో ఉంది. అత్తగారి మంచం పక్కన కూర్చుని, ఒక కన్ను అత్తగారి చేతుల మీద, ఒక కన్ను పెద్ద నర్సు మీద పెట్టింది. అత్తగారికి కోడలి చూపు ఎటు తిరిగిందో తెలియదా?

"నన్నెందుకే అలా చూస్తావు? నేనేమైనా దొంగనా?"

"లేదత్తయ్యా, ఊరికే."

"ఊరికే చూసే మొహమా నీది! ఇదిగో, రెండు చేతులూ దుప్పటి పైనే పెట్టా. చూసుకో."

గోడ మీది టీవీలో సీరియల్ కోడలు ఏడ్చి ఏడ్చి ఆగింది. ప్రకటనలు వచ్చాయి. పెద్ద నర్సు మందుల బండి తోసుకుంటూ ఆ చివర ఉంది, టీవీ వంక కూడా చూడట్లేదు. గరిటె పట్టుకుని వంటావిడ నవ్వుతూ వచ్చింది. అంతే. నర్సుల బల్ల మీది తెరల్లో గీతలన్నీ ఒక్కసారి పిచ్చెక్కినట్టు గంతులేసి, తర్వాత చచ్చినట్టు పడుకున్నాయి. అత్తగారి చేతులు దుప్పటి మీదే ఉన్నాయి. "మళ్ళీ మొదలైందిరా దేవుడా" అంటూ నర్సు పరిగెత్తుకొచ్చింది.

"చూశావా? నమ్మావా ఇప్పటికైనా?" అంది అత్తగారు గెలిచినట్టు.

సీఐడీ నర్సుల బల్ల దగ్గరికి నడిచింది. వంటావిడ రాగానే. ఆ నియమం పెట్టింది ఎవరు? తనే. వంటావిడ వచ్చాకే కొత్త ట్రాన్స్‌మిటర్ ముట్టుకోవాలని ఊరందరికీ చెప్పింది తనే. తెరల కింద ఉన్న పెట్టెను వెనక్కి తిప్పి అంటించిన కాగితం చదివింది. పెట్టెలు మాట్లాడుకునేది ఫలానా టీవీ ఛానెల్‌లో, ఆ ఊళ్ళో ఖాళీగా ఉన్న ఛానెల్ చూసి వాడుకోవాలి, అని చిన్న అక్షరాలతో ఉంది. ఛానెల్ నంబరు చూసింది. పటంలో దాని పక్కన ఎవరి చేతిరాత ఉందో ఆవిడకు తెలుసు.

ఖాళీ! మంచం నుంచి వరండా చివరి దాకా వినపడితే చాలన్నట్టు గుసగుసలాడే పెట్టెలు ఇవి. ఇంత లావు గోడలు దాటి వీధిలో వ్యానుకు ఏం వినపడుతుంది? బతుకంతా గట్టిగా అరిచేవాళ్ళ వెంట పడింది తప్ప, గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు ఉంటారని ఒక్కనాడూ తట్టలేదు. రెండుసార్లు వచ్చి, గుమ్మం ముందే కూర్చుని, టీ తాగి వెళ్ళింది. రేపు పూర్తి పవర్ వేస్తే ఈ తెరలు ఇక లేవనే లేవవు.

చెప్పాలని మంచం దగ్గరికి తిరిగొచ్చింది. "అత్తయ్యా, పాపం నర్సు ఏమీ చెయ్యట్లేదు" అంది.

అత్తగారు కళ్ళు మూసుకుని ఉంది. తల ఒక పక్కకు వాలింది.

"అత్తయ్యా!"

పలకలేదు.

"చాల్లెండి, లేవండి. నమ్మాను, నమ్మాను."

పలకలేదు. సీఐడీ అలాగే నిలబడింది. స్కూటర్ గుర్తొచ్చింది, ఇల్లు మారటం గుర్తొచ్చింది. పెదాల కొసన నవ్వు కదులుతుందేమోనని చూసింది. ఎంతసేపు నిలబడిందో గానీ, ఆ కాస్త సేపూ ఆవిడను ఈనాటికీ వదల్లేదు. చివరికి చెయ్యి పట్టుకుని చూస్తే చల్లగా, చెమటతో తడిసిపోయి ఉంది. అప్పుడు అరిచింది చూడండి, వార్డంతా లేచి కూర్చుంది.

డాక్టరు పరుగున వచ్చాడు. నాడి పట్టుకుని చూశాడు, తెర వంక చూశాడు. తెర మీద ఏముంది, బూడిద! "గుండె ఎలా కొట్టుకుంటోందో చూడకుండా నేనేం మందివ్వను? తీగల మిషన్ తెప్పించండి!" అని అరిచాడు. అది కింది అంతస్తులో ఇంకో రోగి దగ్గర ఉంది. ఎవరో మెట్ల వైపు పరిగెత్తారు. సీఐడీ నర్సుల బల్ల మీది ఫోన్ లాక్కుంది.

"టవర్ రూమ్" అన్నాడు మరిది.

"నేను, వదినని. కొత్త ట్రాన్స్‌మిటర్ ఆపు. ఇప్పుడే, ఈ క్షణమే."

అవతల మరిది చిన్నగా నవ్వాడు. "ఏంటొదినా, ఈసారి రుమాలు అడ్డం పెట్టలేదా?"

"నా మాట విను, ఆసుపత్రి నుంచి చేస్తున్నా. మీ అమ్మకు..."

"ఛీ! చివరికి అమ్మను కూడా వాడుకుంటున్నావా? పరీక్ష మధ్యలో నా అంతట నేను ఆపితే మా స్టేషన్ వంతు పోతుందని నాకు తెలియదనుకున్నావా? నేను ఆపుతానా లేదా అని చూస్తున్నావు. సంతకంతో కాగితం పంపు, ఆపుతా. అలా అని నువ్వే ఒప్పుకున్నావుగా."

తప్పు పట్టటానికి లేదు. తను నేర్పిన పాఠమే అప్పజెప్పాడు. వెనకాల డాక్టరు గొంతు, నర్సుల హడావిడి. ఏం చెబితే నమ్ముతాడు? ఏడిస్తే నటన అంటాడు. ఒట్టు పెడితే అబద్ధం అంటాడు. పై అధికారిలా గద్దిస్తే వల అంటాడు.

"ఆ ఛానెల్ ఖాళీ కాదయ్యా, మీ అమ్మ మెడలో గుండె పెట్టె మాట్లాడేది దాంట్లోనే" అంది సీఐడీ. "ఖాళీ అని రాసింది నేను. నేనే తప్పు రాశాను."

వదిన ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటినుంచీ ఆ నోట్లోంచి 'నేనే తప్పు' అన్న మాట మరిది విని ఎరగడు. ఎవరైనా గొంతు మార్చి అనగలరేమో గానీ, వదిన సొంత గొంతుతో అంటుందా? అతను ఇంకేం అడగలేదు. ఫోన్‌లోంచే టప్‌మని మీట పడిన చప్పుడు వినపడింది.

బల్ల మీద తెరల్లో గీతలు ఒక్కొక్కటే లేచాయి. అత్తగారి గీత ఎలా ఉందో సీఐడీకి అర్థం కాలేదు గానీ, డాక్టరుకు అయింది. "అదీ సంగతి!" అని ఒక మందు పేరు చెప్పాడు, నర్సు సూది గుచ్చింది. మనుషులు అడ్డంగా నిలబడటంతో ఇక మంచం కనపడలేదు. సీఐడీ తెరనే పట్టుకుని చూస్తూ ఉంది. గీత ఎగిరి, తడబడి, మళ్ళీ ఎగిరి, మెల్లమెల్లగా పక్క మంచాల గీతల్లాగే నడవటం మొదలుపెట్టింది. ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది.

"వదినా, అమ్మకెలా ఉంది? ఆపాక పెట్టె పనిచేస్తోందా?" అన్నాడు మరిది.

"వచ్చింది. గీత వచ్చింది."

"మన ట్రాన్స్‌మిటర్ వల్లేనంటావా, లేక తనంతట తనే వచ్చిందా? నువ్వెప్పుడూ రెండుసార్లు చూడందే ఒప్పుకోవుగా. ఒక్క క్షణం మళ్ళీ వేసి చూడనా?"

"వద్దు! ముట్టుకోకు. నమ్మానయ్యా, నేను నమ్మాను" అని అక్కడే నర్సుల బల్ల పక్కన కూలబడి భోరుమంది.

తర్వాత జరిగింది అందరికీ తెలిసిందే. కుర్చీలాట ఆగిపోయింది. మరిది వంతు పోయింది. వెనకున్న స్టేషన్ల వాళ్ళు గాలి ఆఫీసు మీదికి దండెత్తారు. మరిదికి గడువు పెంచటానికి ఆవిడే అత్తగారిని ఆసుపత్రిలో చేర్పించి నాటకమాడిందని ఒకాయన డైరెక్టరు గారి ముందే అన్నాడు. విచారణ వేశారు. అన్నాళ్ళూ ఊరందరినీ అనుమానించిన మనిషిని ఊరందరూ వంతులవారీగా అనుమానించారు. ఎక్కడ నిలబడ్డా మాటలు ఆగిపోయేవి. సీఐడీ ఒక్కరితోనూ వాదించలేదు. ఆసుపత్రికి వేరే ఛానెల్ చూపించి, పెట్టెలు మార్పించి, ఆఫీసుకొచ్చి పటంలో తను రాసిన 'ఖాళీ'లన్నీ కొట్టేసింది.

ఆ పైన వ్యాను వదిలిపెట్టి కాలినడకన బయల్దేరింది. ఆసుపత్రులు, నాటకాల హాళ్ళు, బళ్ళు, మైక్ సెట్టు దుకాణాలు, ఏ గుమ్మమూ వదల్లేదు. "మీ దగ్గర గాలి మీద నడిచే వస్తువులేమైనా ఉన్నాయా?" అని అడిగేది. ఎవరైనా "లేవండీ, అన్నీ బ్యాటరీ మీద నడిచేవే" అన్నారో, కుర్చీ లాక్కుని కూర్చునేది. డిజిటల్ రావటం బాగా ఆలస్యమైంది గానీ, వచ్చింది. పాత ట్రాన్స్‌మిటర్లు ఆపిన రోజు ఆవిడ ఇంట్లో అత్తగారి మంచం పక్కనే కూర్చుంది. ఏమీ కాలేదు.

అత్తగారు ఇంటికొచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం కోడల్ని పిలిచింది. "నిజం చెప్పు. ఆ రోజు నేను నటిస్తున్నాననుకున్నావు కదూ?"

లేదని చెప్పటానికి సీఐడీ నోరు తెరిచింది. ఆ మొహం ముందు అబద్ధం నిలుస్తుందా? "అవునత్తయ్యా. అనుకున్నా" అంది. కళ్ళనీళ్ళు తిరిగాయి.

అత్తగారు కిటికీ వంక చూస్తూ, "మొదట నటనేలేవే" అంది. "నా మాట నమ్మకుండా నా చేతులు చూశావు కదా, ఒళ్ళు మండింది. నిన్ను కాస్త కంగారు పెడదామని కళ్ళు మూసుకున్నా. తర్వాత తెరుద్దామంటే తెరుచుకోలేదు. నువ్వు లేవండి, లేవండి అంటున్నావు, అన్నీ వినపడుతున్నాయి. నాకు పలకటం చేత కాలేదు."

సీఐడీ అత్తగారి చెయ్యి గట్టిగా పట్టుకుంది. అత్తగారూ విడిపించుకోలేదు.

ఇప్పుడు కూడా, ఆఫీసులో ఎంత పనున్నా, సీరియల్ అయిపోయి వంటావిడ వచ్చే వేళకు సీఐడీ ఇంటికి ఫోన్ చేస్తుంది. అత్తగారు వెంటనే ఎత్తదు, కాసేపు మోగనిస్తుంది. ఆ కాసేపూ కోడలు ఊపిరి బిగబట్టుకుని ఉంటుంది.

"ఏమే, నేను ఉన్నానో లేదో చూడటానికే కదూ చేశావు?"

"అవునత్తయ్యా."

"ఉన్నాలే, పెట్టెయ్" అంటుంది అత్తగారు. కానీ ఇద్దరూ ఫోన్ పెట్టరు.